ఫైను వేయడానికి వీళ్లెవరు?

జొన్నాడ కుర్రాడు సినిమాకని బండేసుకుని రాజమండ్రి వెళ్తాడు. సెల్లార్‌లో గీత దాటి పెట్టాడని చక్రానికి తాళం! ‘500 కట్టు, తీస్తాం’ అంటాడు పార్కింగ్ కాంట్రాక్టరు మనిషి. కుర్రాడు జేబులు తడుముకుంటాడు.

ఇదేం జులుం? జరిమానా వేసేది ప్రభుత్వం. 1988 మోటారు వాహనాల చట్టం ఆ అధికారాన్ని కాంట్రాక్టరుకు రాసివ్వలేదు.

అలాగని పరాయి జాగాలో ఇష్టమొచ్చినట్టు బండి పెట్టమని కాదు. స్థలం వాళ్లది. బండి తీయమనొచ్చు. నష్టం జరిగితే దావా వేయొచ్చు. బోర్డు మీద ఎంత రాసినా, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే.

పార్కింగ్ ఫీజుకూ హద్దుంది. మాల్స్, మల్టీప్లెక్సుల మీద తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఉత్తర్వులొచ్చాయి. మొదటి అరగంట ఉచితం. గంటలోపు బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటినా, బిల్లో సినిమా టికెట్టో ఆ ఫీజును మించితే ఉచితమే.

విద్యార్థులారా, ఉద్యోగులారా! గొడవ పడొద్దు, బెదరొద్దు. ‘ఏ చట్టం కింద?’ అని అడగండి. బోర్డునూ తాళాన్నీ ఫొటో తీయండి. తాళం తీయనంటే 112కు ఫోన్ చేయండి. కట్టక తప్పకపోతే రశీదు అడిగి, ‘అభ్యంతరంతో కట్టాను’ అని రాయండి. ఆ రశీదుతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. జిల్లా కమిషన్‌లో ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

పోయింది 500 రూపాయలే కదా అని ఊరుకుంటే, రేపు అదే ఆనవాయితీ అవుతుంది.