బొమ్మలోని గొఱ్ఱెపిల్ల

పసివాడు పుస్తకము చేతికందగానే మొదట అక్షరమును చూడడు, బొమ్మను చూచును. ఆ బొమ్మలో కుక్కపిల్లయో, పిల్లికూనయో, లేగదూడయో యున్నచో పుట త్రిప్పుటయే మఱచును. పెంపుడు జంతువుల బొమ్మల పుస్తకములకు ఈ యాకర్షణ యెక్కడిది?

అవి ముద్దుగా నుండుటవలన ననుట సులభమైన సమాధానమే కాని, చాలిన సమాధానము కాదు. ఇంటిలో పసివానికి అందఱును పెద్దవారే. తల్లి తినిపించును, అన్న అదలించును, తాత నడిపించును. వాని చేతి మేతను తిని, వాని పిలుపునకు పరుగెత్తి వచ్చునది పెంపుడుప్రాణి యొక్కటియే. దాని ముందు మాత్రమే వాడు పెద్దవాడు. పంచతంత్రములోని సింహమును నక్కయు మనుష్యభాషలో మనుష్యనీతిని చెప్పును. బొమ్మలోని దూడ యేమియు చెప్పదు. చెప్పకున్నను పసివాడు దాని యాకలిని గ్రహించును. ఒరుల బాధ నెఱుగుటకు అదియే తొలిపాఠము.

పల్నాటి పిల్లలకు ఈ పాఠము పెరటిలోనే గలదు. మాచర్ల పేర ఒక గొఱ్ఱెజాతియే యున్నది. కార్తీకమాసమున కారెంపూడిలో అయిదు దినములు జరుగు వీరుల యుత్సవములో ఒక దినము మందపోరు, ఒక దినము కోడిపోరు. కోడిపందెములో ఓడిన బ్రహ్మనాయుని పక్షము ఏడేండ్లు మాచర్లను విడువవలసివచ్చెనని కథ. ఇట్టి సీమలో సయితము అక్షరములు నేర్చు పిల్లవాని పుస్తకములో తఱచుగా కనబడునది జూలుకుక్కయు, ఉన్నియుండతో ఆడు పిల్లియును!

అయితే పెరటి గొఱ్ఱెపిల్లను పుస్తకములోనికి తెచ్చినచో ఒక చిక్కు కలదు. పేరుపెట్టి పెంచిన గొఱ్ఱెపిల్ల ఒకనాడు సంతకు పోవును. ఆ సంగతిని పుస్తకము చెప్పవలెనా? పసిమనసు నొచ్చును గనుక వలదనువారు గలరు. వారి మాటలో దయ యున్నది. సత్యము మాత్రము లేదు. గుంజకు మిగిలిన త్రాటిని చూచిన పిల్లవానికి ఆ సంగతి ముందే తెలియును. వానికి లేనిది, ఆ దుఃఖమును పంచుకొను తోడు. పుస్తకమును మౌనము వహించినచో, తాను ఏడ్చుటయే తప్పని వాడు తలచును.

ఆంగ్ల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తాను పెంచిన కుందేలు పేరనే ఒక కథను కల్పించి, 1893లో జబ్బుపడిన యొక బాలునికి బొమ్మలతో ఉత్తరముగా వ్రాసెను. అది 1902లో పుస్తకముగా ప్రచురింపబడెను. తండ్రి ఒక తోటవారి యింట వంటకమైపోయిన సంగతిని తల్లికుందేలు తన పిల్లలకు ఆ కథారంభముననే చెప్పును. నూఱేండ్లు దాటినను పిల్లలు ఆ పుస్తకమును విడువలేదు.

1945లో ‘బాల’, 1947లో ‘చందమామ’ వెలువడి తెలుగు పిల్లలకు బొమ్మతో కథను చదువుకొను రుచిని కలిగించినవి. ఇక పెరటి ప్రాణుల పుస్తకమునకై యెవరికొఱకో వేచియుండ నక్కఱలేదు. నరసరావుపేటలోనైనను, గురజాలలోనైనను, ఉపాధ్యాయుడు ఒక దినము పిల్లలచేత తమ యింటి ప్రాణిని గీయించి, దానిని గూర్చి రెండు వాక్యములు వ్రాయించిన చాలును. ఆ పుటలను దారముతో కుట్టినచో అదియే తరగతి పుస్తకము. ఒక పిల్లవాడు తన బొమ్మ క్రింద ‘సంతలో అమ్మినారు’ అని వ్రాసినచో, ఆ వాక్యమును ఉపాధ్యాయుడు కొట్టివేయరాదు.