“ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి”

ఈ మాట బడిలో విననోళ్లు మనలో ఎంతమంది ఉంటారు? స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు, బ్యాంకు ఖాతా నంబర్లు అడిగిన రోజు క్లాసులో మనం లేస్తాం. మిగతా క్లాసంతా మన వంక చూస్తుంది. సారుకు చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండకపోవచ్చు, ఆయనకు లిస్టు పూర్తయితే చాలు. ఇది రాస్తున్న నేనూ పల్నాడులోని ఒక హైస్కూల్లో అట్లా చాలాసార్లు లేచినవాణ్ణే. కూర్చున్నాక ఆ పీరియడ్‌లో చెప్పిన పాఠం ఏందో ఒక్కసారీ బుర్రకెక్కలేదు.

అది నా మొద్దుతనం అనుకునేవాణ్ణి. కాదని తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడులు ఇచ్చి చూశారు. 321 మంది పైకులాల పిల్లలు, 321 మంది కింది కులాల పిల్లలు. ఎవరి కులమేందో బయటపెట్టనప్పుడు రెండు గుంపులూ దాదాపు సమానంగా చేశాయి. అందరి ముందూ కులం పేరు చదివి మొదలుపెట్టేసరికి కింది కులాల పిల్లల పని ఒక్కసారిగా పడిపోయింది. అవే చిక్కుముడులు, అట్లాంటి పిల్లలే. మధ్యలో మారింది ఒక్కటే, పైకి చదివిన ఒక మాట.

మనుషులు ఎట్లా నడుచుకుంటారో చదివే శాస్త్రాన్ని ప్రవర్తనా శాస్త్రం అంటున్నారు. మన తండాలకు, కాలనీలకు ఇది “అవగాహన సదస్సు” రూపంలో వస్తుంది. తాగుడు మానండి, పొదుపు చేయండి, పిల్లల్ని బడికి పంపండి, మీ మైండ్‌సెట్ మార్చుకోండి. చప్పట్లు, ఫోటో, బిస్కెట్ ప్యాకెట్. అసలు బాధ ఏందంటే, చదువుకున్న మన కుర్రోళ్లు కూడా ఇంటికొచ్చి “మనోళ్లే మారాలి” అంటున్నారు.

మన బుద్ధిలోనే లోపం ఉందనే మాట కొత్తది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దొంగతనం రక్తంలోనే ఉంటుందని రాసుకుని ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం, సీతానగరం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పిలిచారు. 1952లో చట్టం పోయింది గానీ ఊరి పేరు చెబితే చూసే చూపు పోయిందా?

నిజానికి ఆ శాస్త్రంలో గట్టి పరిశోధనలు చెప్పేది సదస్సుల్లో చెప్పేదానికి తిరగబడి ఉంటుంది. తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల చెరకు రైతులు 464 మందిని కోతకు ముందు, కోత తర్వాత పరీక్షించారు. 2013లో అచ్చయింది. చేతిలో డబ్బు లేని కోత ముందు రోజుల్లో అదే రైతు బుర్ర నెమ్మదిగా పనిచేసింది. పంట డబ్బు చేతికొచ్చాక అదే మనిషి చురుగ్గా చేశాడు. లేమి కూడా నెత్తిన మోసే బరువే, ఆ బరువుతోటే ఆలోచించాలి.

ఇప్పుడు మన మిర్చి కోతలు చూడండి. జనవరి నుంచి మార్చి దాకా, సరిగ్గా పదో తరగతి పరీక్షల ముందు. పనిలేని నెలల్లో మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరాలంటే పిల్ల కూడా చేలోకి రావాల్సిందే. ఆ తల్లికి చదువు విలువ తెలియదని ఎవరన్నా అంటే, పనిలేని నెలల్లో మేస్త్రి కాకుండా ఆ ఇంటికి అప్పిచ్చినోళ్లు ఇంకెవరని అడగండి.

కుల ధ్రువీకరణ పత్రం సంగతీ ఇంతే. ఆధార్‌లో ఇంటిపేరు తప్పు, దాన్ని సరిచేయడానికి ఇంకో కాగితం, దానికి ఇంకో సంతకం. తిరిగిన ప్రతి రోజూ ఒక కూలి పోతుంది. మన పల్నాడు షెడ్యూల్డ్ ప్రాంతం కూడా కాదు. చెంచుల ఐటీడీఏ శ్రీశైలంలో, యానాదుల ఐటీడీఏ నెల్లూరులో. మాచర్ల అవతల గూడెం నుంచి పోయిరావడం అంటే మాటలా? నాలుగోసారి తిరగనివాణ్ణి చూసి “వీళ్లకు శ్రద్ధ లేదు” అని రాసుకుంటారు.

దారి సులువు చేస్తే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో ఊళ్లోనే ఇచ్చే పద్ధతిని ముందూ వెనకా పెట్టి పోల్చారు. కార్డు ముందొచ్చిన చోట కూలి త్వరగా అందింది, మధ్యలో మింగేది తగ్గింది. ఆ ఊళ్లలో ఎవరికీ మైండ్‌సెట్ క్లాసులు పెట్టలేదు.

ఒక జాగ్రత్త. దీన్ని సాకుగా చూపించి పట్టా అడిగితే పోస్టరు, బోరు అడిగితే సదస్సు ఇచ్చేవాళ్లుంటారు. భూమికి, కూలి రేటుకు ఏ శాస్త్రమూ బదులు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న అర్జీలు ఎక్కడ ఆగాయో అడగడం మానొద్దు.

కానీ బడి సంగతికి పైసా ఖర్చు లేదు. జూన్‌లో బడులు తెరిచే లోపు ప్రతి తండా, ప్రతి కాలనీ నుంచి ఇద్దరు వెళ్లి హెడ్మాస్టర్ గారిని కలవండి. గొడవ వద్దు. స్కాలర్‌షిప్ వివరాలు క్లాసులో కాకుండా ఆఫీసు రూములో, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి తీసుకోమని అడగండి. ఒప్పుకోకపోతే అర్జీ రాసుకుని సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి రండి, మేమూ వస్తాం. మీ బడిలో ఎట్లా పిలుస్తున్నారో కింద రాయండి. ఊరి పేరు చాలు, పిల్లల పేర్లు, సార్ల పేర్లు వద్దు.