లైటు అబద్ధం చెప్పలేదు

మా బాబాయి ఆర్నెల్ల క్రితం ఒక జర్మన్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. మొన్న జులై వానలకి డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఒక సున్నా, దానికి అటూ ఇటూ చుక్కల గీతలు. బ్రేక్ ప్యాడ్లు అరిగాయని దానర్థం. మెకానిక్ చక్రం విప్పి చూస్తే ప్యాడ్ మందంగానే ఉంది. "సెన్సర్ పోయింది సార్, ఈ రెండు వైర్లూ కలిపేస్తే లైటు రాదు, ఐదు నిమిషాల పని" అన్నాడు. బాబాయి సరే అనేశాడు. నేను వద్దన్నా. అప్పట్నుంచి ఇంట్లో నా పేరు "ఇంజనీరుగారు". వెటకారంగానే లెండి.

ఆ సెన్సర్ చాలా సింపుల్ వస్తువు. ప్యాడ్‌లో కొంత లోతున సన్నని వైరు లూప్ ఉంటుంది. ప్యాడ్ అరిగి అరిగి ఆ లోతుకి వచ్చేసరికి డిస్క్ ఆ వైరుని కూడా కోసేస్తుంది. సర్క్యూట్ తెగుతుంది, లైటు వెలుగుతుంది. అంతే. అంటే కారు కంప్యూటర్‌కి ప్యాడ్ ఎంత మందం ఉందో తెలీదు. వైరు తెగిందా లేదా అన్నదే తెలుసు. కనెక్టర్‌లోకి నీళ్లు పోయి తుప్పు పట్టినా, వైరు దేనికో రాసుకుని తెగినా, ప్యాడ్లు మార్చినప్పుడు తెగిన పాత సెన్సర్‌నే మళ్లీ తగిలించినా వచ్చేది అదే లైటు.

ఇది డిజైన్ లోపమని మొదట నేనూ అనుకున్నా. ఒక బూలియన్‌లో రెండు విషయాలు కుక్కితే మా ల్యాబ్‌లో మార్కులు కోస్తారు. కానీ తిరగేసి చూడండి. కొన్ని కార్లలో ప్యాడ్ అరిగాక వైరు కొస డిస్క్‌కి తగిలి సర్క్యూట్ కలుస్తుంది, అప్పుడు లైటు వస్తుంది. అలాంటి దాంట్లో వైరు మధ్యలో తెగిందనుకోండి, ఎవరికీ తెలీదు. ప్యాడ్ మొత్తం అరిగిపోయినా లైటు రాదు. దానికన్నా అప్పుడప్పుడు ఊరికే భయపెట్టేదే నాకు నయం. "నాన్నా పులి" కథలో పిల్లాడు కావాలనే అబద్ధం చెప్పాడు. ఈ లైటు చెప్పలేదు. సర్క్యూట్ తెగింది అంది, నిజంగానే తెగింది. ప్యాడ్లు అరిగాయని అర్థం చేసుకున్నది మనం, అబద్ధమని కొట్టిపారేసింది కూడా మనమే.

వైర్లు కలిపేస్తే ఏమవుతుంది? ఇవాళ ఏమీ కాదు. కొత్త ప్యాడ్ సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి దగ్గరపడితే మార్చాలి. ఆ రోజు ఎలాగూ వస్తుంది. అప్పుడు లైటు రాదు. లైటు లేదు కదా అన్న ధీమాతో బాబాయి పిన్నినీ పిల్లల్నీ ఎక్కించుకుని తిరుమల కొండ దిగుతాడు. చాలా చిన్న కార్లలో అసలు ఈ వైరే ఉండదు. ప్యాడ్‌కి ఒక రేకు ఉంటుంది, అరిగాక డిస్క్‌కి రాసుకుని కీచుమని అరుస్తుంది. దాని నోరు మూయించడం ఇంత తేలిక కాదు.

మేం ముందు రెండు చక్రాలూ విప్పి ప్యాడ్లు కొలిచాం. లోపలివి కూడా. బయటది చూసి బాగుంది అనేస్తారు గానీ, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటే లోపలిదే ముందు అరుగుతుంది. అన్నీ 7 మిల్లీమీటర్ల పైనే ఉన్నాయి. తర్వాత సెన్సర్ ప్లగ్ పీకి మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టాం. బీప్ రాలేదు. కారు వైపు ప్లగ్‌లో రెండు పిన్నుల్నీ వైరు ముక్కతో కలిపితే లైటు ఆరింది. (అవును, నేనూ కలిపా. పరీక్ష కోసం, రెండు నిమిషాలు.) అంటే కారు వైరింగ్ బాగుంది, తెగింది సెన్సర్ వైపే. టార్చి వేసి వెతికితే దొరికింది. సెన్సర్ వైరు క్లిప్పులోంచి ఊడి చక్రం లోపలి అంచుకి రాసుకుంటోంది. దాని పక్కనే, అదే క్లిప్పులోంచి ఊడిన ఏబీఎస్ వైరు. పైతోలు లేచిపోయింది, ఇంకా తెగలేదు. ఐదు నిమిషాల పని చేయించుకుని ఉంటే ఇది కనపడేదే కాదు.

మెకానిక్‌ని తిట్టను. లైటు ఆర్పమని అడిగేది మనమే. మన క్లాసులో టెస్ట్ ఫెయిలైతే ఆ టెస్ట్‌నే కామెంట్ చేసి సబ్మిట్ చేసేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. ట్రై క్యాచ్ పెట్టి క్యాచ్‌ని ఖాళీగా వదిలేసినవాళ్లలో నేనూ ఉన్నా. నా ప్రోగ్రామ్‌లో ఎవరూ కూర్చుని కొండ దిగలేదు, అదొక్కటే తేడా.

కొత్త సెన్సర్, కొత్త క్లిప్పులు వేశాం. ఈ కారులో వెనక చక్రానికి కూడా ఒక సెన్సర్ ఉంది. పాత ఓనరు దాన్ని ఎప్పుడో కలిపేయించాడేమోనని ఇప్పుడు నా అనుమానం. ఆదివారం జాకీ అడిగి తెచ్చుకుని ఆ ప్లగ్ పీకి చూస్తాం. పీకగానే లైటు వెలగాలి. వెలగాలనే కోరుకుంటున్నా.