గేమ్ స్ట్రీమింగ్: ముందొచ్చిన సోనీ చెవులు, వెనకొచ్చిన ఎక్స్‌బాక్స్ కొమ్ములు

సబ్‌స్క్రిప్షన్ గేమ్ స్ట్రీమింగ్ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్. కానీ ఈ దారిలో ముందు అడుగేసింది సోనీ. 2012లోనే గైకై అనే క్లౌడ్ గేమింగ్ కంపెనీని 38 కోట్ల డాలర్లకు కొనేసింది. 2015 జనవరిలో అమెరికాలో నెలకు దాదాపు 20 డాలర్లకు ప్లేస్టేషన్ నౌ సబ్‌స్క్రిప్షన్ మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ అల్టిమేట్‌లో క్లౌడ్ గేమింగ్ వచ్చింది 2020 సెప్టెంబర్‌లో. అంటే సోనీకి ఐదేళ్లకు పైగా లీడ్!

మరి ఆ లీడ్ ఏమైంది? మొదట్లో ప్లేస్టేషన్ నౌ సోనీ, శాంసంగ్ టీవీల్లో కూడా నడిచేది. 2017లో టీవీల్లో ఆపేసి, పీఎస్4, పీసీలకే పరిమితం చేశారు. నా దృష్టిలో అసలు తప్పు ఇదే. కన్సోల్ ఉన్నవాళ్లకు స్ట్రీమింగ్ ఒక అదనపు సౌకర్యం. లేనివాళ్లకు అదే కన్సోల్.

"కన్సోల్ అమ్ముకునే కంపెనీ, కన్సోల్ అక్కర్లేని సర్వీస్ ఎందుకిస్తుంది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ పీఎస్3ని మొదట్లో సోనీ నష్టానికే అమ్మింది. ఈ వ్యాపారంలో అసలు డబ్బు గేమ్స్, స్టోర్ కమీషన్, సబ్‌స్క్రిప్షన్ల మీదే. అలాంటప్పుడు గేమ్ పెట్టెలో నడిచినా, టీవీలో నడిచినా నష్టమేంటి?

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా ఇందులో కష్టం కూడా చెప్పాలి. సినిమానైతే ముందే బఫర్ చేసి పెట్టుకోవచ్చు. గేమ్‌లో మనం తర్వాత ఏ బటన్ నొక్కుతామో సర్వర్‌కి తెలీదు కదా! 60 ఫ్రేమ్స్‌తో నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి ఉండే టైమ్ 16.7 మిల్లీసెకన్లే. సర్వర్ దూరమైతే మనం నొక్కాక ఎప్పటికో హీరో ఎగురుతాడు. అందుకే సర్వర్లు దగ్గర్లో ఉండాలి, అది ఖర్చుతో కూడిన పని. 2019లో సోనీ క్లౌడ్ కోసం పోటీదారు మైక్రోసాఫ్ట్‌తోనే ఒప్పందానికి కూర్చుంది.

అయితే సర్వర్లు ఒక్కటే చాలవు. కావాల్సినన్ని సర్వర్లున్న గూగుల్ కూడా 2023 జనవరిలో స్టేడియాని మూసేసింది. జనం వెతుక్కుంటూ వచ్చే సొంత గేమ్స్ దానికి లేవు. సోనీకి ఉన్నాయి!

2022లో ప్లేస్టేషన్ నౌని పీఎస్ ప్లస్ ప్రీమియంలో కలిపేశారు. మన దేశంలో దాని బదులు స్ట్రీమింగ్ లేని డీలక్స్ ప్లాన్ ఇచ్చారు. పీఎస్3లోని సెల్ ప్రాసెసర్ వేరే రకం కాబట్టి ఆ డిస్కులు పీఎస్5లో నడవవు. స్ట్రీమింగే దిక్కు. ఇన్‌ఫేమస్ లాంటి గేమ్‌ని డీలక్స్‌తో పీఎస్5లో ఆడే దారే లేదు.

నేనైతే కోరేది ఒక్కటే: కన్సోల్ అక్కర్లేకుండా టీవీలో, ఫోన్‌లో నడిచే చవకైన స్ట్రీమింగ్ ప్లాన్. కంట్రోలర్ ఒక్కటి కొనుక్కుంటే చాలు. అలా మొదలుపెట్టిన కుర్రాళ్లే రేపు ఉద్యోగం రాగానే పీఎస్ కొంటారు. ఆ కుర్రాళ్లని ఎక్స్‌బాక్స్‌కి వదిలేస్తే, తర్వాత ఎంత మంచి కన్సోల్ తెచ్చినా తిరిగి రావడం కష్టం. మీరేమంటారు?