రైతునకు తగిన ఫోను



గత మాసమున నేను మన సంఘ కార్యాలయపు అరుగుపై కూర్చుండి యుండగా నొక వృద్ధ సభ్యుడు వచ్చి, తన చొక్కా జేబులోని ఫోనును నా చేతిలో నుంచి, "నాయనా, ఇది చెడిపోయినదేమో చూడుము. ఆరు దినములుగా ఎవ్వరును నన్ను పిలుచుట లేదు" అనెను. అది పట్నములో కొలువు చేయుచున్న కుమారుడు పండుగకు కొని పంపిన తాకుతెర ఫోను. దాని వెల పదునైదువేల రూపాయలకు తక్కువ యుండదు. చూడగా ఫోనునకు ఏ దోషమును లేదు. జేబులో నుండగా ఎప్పుడో వ్రేలు తగిలి దాని గంట మూతపడినది. ఆ యారు దినములలో కుమారుడు పదునొకండు పర్యాయములు పిలిచియుండెను. ఎరువు వచ్చినదని మన సంఘము వాట్సాప్‌లో పంపిన కబురు ఆయన చూడకయే పాతబడినది. ఎరువు పంపకము నాటికే ముగిసినది.

నేను గంట సరిచేసి యిచ్చితిని. ఆయన లేచిపోవుచు, "నా పాత డబ్బా ఫోను దూలము మీద నున్నది. దానికి తెలివి తక్కువే గాని, పిలిచిన పలుకును" అనెను. ఆ మాట నన్ను విడువలేదు. ఈ వ్యాసమునకు అదియే కారణము.

ఫోను కొనుట నేడు రైతు గృహమున చిన్న విషయము కాదు. మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 సం. జూలై 31వ తేదీన కలకత్తాకును ఢిల్లీకిని నడుమ జరిగినది. ఆ దినములలో వచ్చిన పిలుపునకు సైతము రుసుము చెల్లింపవలసి యుండెను. 2003 సం.లో ఆ రుసుము తొలగిన పిదపనే సెల్‌ఫోను పల్లెలకు దిగినది. ఆ సంవత్సరముననే నోకియా 1100 అను బటన్ల ఫోను వెలువడినది. దుమ్ము చొరకుండ మీటలపై రబ్బరు కప్పు, చేయి జారకుండ ప్రక్కల గరుకు, చీకటిలో దారి చూప టార్చి దానికి గలవు. పేదదేశముల శ్రామికులను మనసులో నుంచుకొని చేసిన యా సాధనము లోకమున 25 కోట్లకు మించి అమ్ముడుపోయినది. చేయువాని చేతిని ఎఱిగి చేసిన పనిముట్టునకు ఆదరము తప్పదని దీనివలన తెలియుచున్నది.

మనము కొడవలి కొనునపుడు పిడి చేతికి కుదిరినదా లేదా అని చూచెదము గాని దాని మెఱుగును చూడము. ఫోను విషయమున మాత్రము ఈ వివేకమును బజారులో విడిచి వచ్చుచున్నాము. జహీరాబాదు నల్లరేగడి చేలలో చెఱకు కొట్టి, అల్లము త్రవ్వి, కాయలు గాచిన చేతివ్రేళ్లను అద్దపు తెర గుర్తింపదు. తడిచేతిని అసలే గుర్తింపదు. వానలో పొలము గట్టున నిలిచి యింటికి మాట చెప్పవలసినవానికి ఆ తెరపై బొమ్మ లెంత సొంపుగా నున్నను ప్రయోజన మేమి?

ఇచట నొక ఆక్షేపణ కలుగును. "ఇప్పుడు ప్రతి పనియు ఆప్పులలోనే జరుగుచున్నది గదా. 2025 సం. పత్తి కొనుగోళ్లకు భారత పత్తి సంస్థ 'కపాస్ కిసాన్' అను ఆప్పు పెట్టి, దానిలో వంతు తీసికొని పత్తి తెమ్మనినది. బటన్ల ఫోను గలవాడు పత్తి నెట్లమ్మును?" అని యువకు లడుగుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని ఒకటి గమనింపుడు. ఆప్పు ఎవరి ఫోనులోనైన తెఱువవచ్చును. సర్కారు అడుగునది రైతు ఫోనును గాదు, రైతు నంబరును. 2019 సం. ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. కిసాన్ పథకమున సంవత్సరమునకు 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా వచ్చుటకు ఇ-కెవైసి కావలెను. ఆధారుతో ముడిపడిన నంబరునకు వచ్చు ఓటీపీ దానికొక మార్గము. ఆ ఓటీపీ వేయి రూపాయల ఫోనునకును వచ్చును, లక్ష రూపాయల ఫోనునకును వచ్చును.

కావున ముఖ్యమైనది నంబరు. అది నేడు పట్టా పుస్తకము వంటిది. 90 దినములు ఏ వాడుకయు లేని ప్రీపెయిడ్ నంబరును సంస్థవారు రద్దు చేయవచ్చును. ఆ మీదట అది మఱియొకరికి చేరును. మన పేర వచ్చు ఓటీపీ పరుని జేబులో మ్రోగును. మాటలకు మాత్రమే ఫోను వాడువారు ఇంటర్నెట్టుతో కూడిన పెద్ద రీచార్జి భరింపలేక నంబరును వదలుకొనుచుండిరి. ఇట్టివారి కొఱకు మాటలకును, సందేశములకును మాత్రమే ప్రత్యేకమైన రీచార్జి అమ్మవలెనని 2024 సం. డిసెంబరులో ట్రాయ్ నియమము చేసినది. దుకాణదారుడు తానై చెప్పకపోవచ్చును. మనమే అడిగి తీసికొనవలెను.

ఇక తాకుతెర ఫోను గలవానికే సదుపాయములన్నియు నున్నవనుట నిజము కాదు. 2004 సం.లో నెలకొల్పబడిన కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551. ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వఱకు ఏ ఫోను నుండియైనను ఉచితముగా పిలిచి, తెగులును గుఱించి తెలుగులోనే అడుగవచ్చును. ఇంటర్నెట్టు లేని ఫోను నుండి సొమ్ము పంపుటకు 2022 సం. మార్చిలో రిజర్వు బ్యాంకు '123పే' అను పద్ధతిని ప్రవేశపెట్టినది. మన ప్రాంతమున మాచనూరు నుండి 2008 సం. అక్టోబరులో దళిత మహిళల చేతులమీదుగా ఆరంభమైన సంఘం రేడియో, జొన్న కొఱ్ఱల ముచ్చట్లను ఊరి నుడికారముననే వినిపించినది. అట్టి ప్రసారములు వినుటకు ఎఫ్.ఎమ్. గల చిన్న ఫోను చాలును.

చిన్న ఫోనైనను చూచి కొనవలెను. మొదట పొలములో ఏ సంస్థ సంకేతము అందునో తెలిసికొనుడు. బజారులో అందినది బావి యొద్ద అందకపోవచ్చును. జియో సంస్థకు 2జి సేవ లేదు. దాని సిమ్మునకు 4జి గల బటన్ల ఫోనే కావలెను. ఇది తెలియక చౌకయని 2జి ఫోను కొని, సిమ్ము పని చేయక మరల దుకాణమునకు తిరిగినవారిని నే నెఱుగుదును. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా సంస్థలకు 2జి యింకను గలదు గాని, నాలుగేండ్లు వాడదలచినవారు కొంత యెక్కువ పెట్టి 4జి ఫోను తీసికొనుటయే మేలు.

పిమ్మట దుకాణముననే కన్నులు మూసికొని మీటలను తడవి చూడుడు. 5 అంకెపై చిన్న బుడిపె వ్రేలికి తగులవలెను. టార్చి ఒక్క నొక్కుతో వెలుగవలెను. దుకాణదారునిచే ఒక తెలుగు సందేశము పంపించుకొని, అక్షరములు వచ్చినవో, ఖాళీ గళ్లు వచ్చినవో చూడుడు. రోడ్డుపై లారీలు పోవుచుండగా మాట వినబడునో లేదో పరీక్షింపుడు. బ్యాటరీ ఊడదీసి మార్చుటకు వీలుండవలెను. బటన్ల ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టినచో ఆపద పిలుపు పోవలెనని 2016 సం. నియమము. ఏ మీటయో అడిగి యింటిల్లిపాదికి నేర్పుడు. రసీదు తప్పక పుచ్చుకొనుడు. *#06# నొక్కినచో కనబడు పదునైదంకెల సంఖ్య రసీదుపై నున్నదో లేదో సరిచూడుడు. ఫోను పోయినపుడు దానిని నిలుపుదల చేయించుటకు ఆ సంఖ్యయే ఆధారము. వీని కన్నింటికిని రెండువేల రూపాయలు మించి పెట్టనక్కరలేదు. వాయిదాలపై పెద్ద ఫోను ఇత్తుమనువారి మాట వినకుడు. విత్తనమునకు అప్పు చేసిన పైరు తీర్చును గాని, ఆడంబరమునకు చేసిన యప్పును ఏ పైరు తీర్చును?

చిన్న ఫోను గలవాడు మోసపోడని నేను చెప్పను. బ్యాంకువార మని పిలిచి ఓటీపీ అడుగు దొంగ ఏ ఫోనునకైనను పిలుచును. కాని అతడు పంపు మాయ లంకెలును, దొంగ ఆప్పులును చిన్న ఫోనులో చొరవు. మోసమునకు ఒక ద్వారము మూతపడును. మిగిలిన ద్వారమును మనమే కాచుకొనవలెను. బ్రిటిషు ఇండియాలో 1904 సం.నను, మన హైదరాబాదు రాజ్యమున 1914 సం.నను సహకార శాసనములు వచ్చుటకు పూర్వము, తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్న రైతు లెందఱో గలరు. ఓటీపీని పరునికి చెప్పుట ఆ తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయుటయే. సొమ్ము పోయినచో క్షణమైన జాగు చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

ఇంతవఱకు సభ్యుల కర్తవ్యమును చెప్పితిని. ఇక సంఘము కర్తవ్య మొకటి గలదు. ఆ వృద్ధ సభ్యునికి ఎరువు దక్కకపోవుట ఆయన దోషము కాదు, మన దోషము. వాట్సాప్‌లో వేసినంత మాత్రమున అందఱకును చెప్పినట్లని మనము తలచితిమి. సహకార సంఘమున పెద్ద ఫోను గల సభ్యుడును, చిన్న ఫోను గల సభ్యుడును, ఫోనే లేని వితంతువును సమానులే. ప్రతివానికిని ఒక్కటే వోటు. కబురు మాత్రము కొందఱికే అందుట సహకార ధర్మము కాదు.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మూడు విషయములు నిర్ణయింపవలెనని కోరుచున్నాను. ఎరువు, విత్తనము, ఋణము గుఱించిన ప్రతి కబురును సాధారణ సందేశముగాను, నోటిమాటతో ఫోనుగాను కూడ పంపవలెను. గ్రామమున దండోరాయు వేయింపవలెను. ఆప్పులలో వంతులు తీయుటకు సంఘ కార్యాలయమున నిర్ణీత వేళలలో నొక తెలిసిన యువకుని కూర్చుండబెట్టవలెను. ఓటీపీని మాత్రము రైతే తన చేతితో నొక్కవలెను. ప్రతి సంవత్సరము సభ్యుల నంబర్లను సరిచూచి పుస్తకమున వ్రాయవలెను.

పట్నములందున్న పుత్రులకు నొక మనవి. తండ్రికి ఫోను పంపునపుడు మీకు నచ్చినది గాక, ఆయన చేతికి నచ్చినది పంపుడు. ఆ పెద్దాయన ఇప్పుడు తన డబ్బా ఫోనును దూలము మీదినుండి దింపి, దుమ్ము తుడిచి, సిమ్ము దానిలో వేసికొనెను. నిన్న నేను పిలిచితిని. రెండవ గంటకే పలికెను.

— ఒక సభ్యుడు, జహీరాబాదు