ఎన్ని పౌండ్లు బావా?

పోయిన నెల అనంతసాగరం నుంచి మా బావ ఒక లింకు పంపాడు. సంప్రదాయ విల్లు, 50 పౌండ్లు, ఆరు బాణాలు ఫ్రీ. కింద వాయిస్ మెసేజ్: "ఇంజినీరింగ్ చదివావు గదా, చూసి చెప్పు. పందులు చేనంతా తొక్కేస్తా ఉండాయి."

కొండ కింద చేను ఉన్నవాళ్లకి ఆ కోపం తెలుసు. అందుకే వెంటనే వద్దనలేకపోయా. రెండు రోజులు కూర్చుని చదివా. (ఆఫీసు పని కన్నా ఇదే బాగుంది.)

విల్లు మీద రాసే పౌండ్లు దాని బరువు కాదు. నారిని 28 అంగుళాల దాకా లాగి పట్టుకోడానికి కావాల్సిన బలం. 50 అంటే దాదాపు 23 కిలోలు. కొత్తవాళ్లకి 20, 25 చాలు. జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. దానికి చక్రాలుంటాయి, పూర్తిగా లాగాక బరువు తగ్గుతుంది. మామూలు విల్లుకి ఆ సాయం లేదు.

బావ నవ్వాడు. వడ్ల బస్తా భుజానికెత్తే మనిషి మరి! ఊరెళ్లినప్పుడు బావి గిలకకి 20 లీటర్ల నీళ్ల క్యాన్ వేలాడదీసి, తాడు మూడు వేళ్లతో గడ్డం దాకా లాగి పట్టుకోమన్నా. ఎనిమిది లెక్కపెట్టేలోపు మోచెయ్యి వణికింది. బస్తా కాళ్లతో, నడుముతో లేపుతాం. ఇక్కడ పనంతా వీపుది, వేళ్లది.

అసలు చిక్కు ఆ ఫ్రీ బాణాలతోనే. వదిలిన బాణం విల్లు పక్కనుంచి వంగుతూ పోతుంది. దాని బిగువు విల్లుకి సరిపోకపోతే ఎంత గురి చూసినా పక్కకే. మరీ తేలిక బాణమైతే విల్లే దెబ్బతింటుంది.

"పందికి తగిల్తే చాల్లే" అన్నాడు. అమెరికాలో ఒరెగాన్ లాంటి చోట జింకని కొట్టాలంటేనే కనీసం 40 పౌండ్ల విల్లుండాలి. చీకట్లో, చేతులు వణుకుతూ వేస్తే పంది చావదు, బాణంతోనే పక్కోళ్ల చేలో పడుద్ది. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేటకి ప్రయత్నించినా వేటే. పెంచలకోనలో స్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి వేటగత్తె కావచ్చు, మనకా పర్మిషన్ లేదు బావా అన్నా.

రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత 25 పౌండ్లది, దానికి సరిపడే బాణాలు తెప్పించుకున్నాడు. పందుల గురించి అటవీశాఖకి అర్జీ పెట్టాడు. సాయంత్రాలు గడ్డివామికి గోనెసంచి కట్టి కొడుతున్నాడు. ఆరింటిలో రెండు తగులుతున్నాయంట. మిగతావి మా అక్క వెతికిస్తోంది.