లిస్టు ఎవరి బల్ల కింద ఉంది?

నీళ్లకి కులం లేదంటారు. ఉండకపోవచ్చు. కానీ నీళ్లు పల్లానికి పోతయ్, పల్లంలో ఎవర్ని ఉంచారో ఊరందరికీ తెలుసు. నీళ్లు తీసినాక వచ్చే సర్కారు లెక్క మాత్రం మెరక నించి మొదలవుతది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వైపు పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నయ్. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగింది. విజయవాడ బాధితులకి ఆ నెల్లోనే ప్రభుత్వం సాయం ప్రకటించింది. కింది అంతస్తు ఇంటికి 25 వేలు, చిల్లర కొట్టుకి 25 వేలు, 40 లక్షల లోపు టర్నోవరున్న చిన్న పరిశ్రమకి 50 వేలు, కోటిన్నర దాకా లక్ష, ఆపైన లక్షన్నర. ఇవ్వటాన్ని తప్పుపట్టం. మా ప్రశ్న వేరే.

చెప్పులు కుట్టే మనిషి ఇందులో ఏ మెట్టు మీద నిలబడాలి? ఆయన కొట్టంటే ఒక గొడుగు, ఒక పెట్టె, ఒక ఆరె, నాలుగు తోలు ముక్కలు. షట్టరు లేదు, కరెంటు మీటరు లేదు, జీఎస్టీ నెంబరు లేదు. రాసుకునేవాళ్లొచ్చి షాపు ఎక్కడ అంటే బురద చూపించాలి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్ ఇవ్వమని అందులోనే ఉంది. అది చేతికి రానోడు ఇవ్వాళ దేన్ని రుజువు పెట్టాలి?

విపత్తు నిధికి కేంద్రం 2022-26 కాలానికి రాసుకున్న నిబంధనల్లో చేతివృత్తిదారుకి పోయిన పనిముట్లకి 5 వేలు, పోయిన సరుక్కి 5 వేలు ఉంది. హస్తకళలు, చేనేత అన్న తలకట్టు కింద. తోలుపని, డప్పు కట్టటం, బుట్టలల్లటం ఆ తలకట్టు కిందికి వచ్చినయ్యా? ఎన్ని పేర్లు రాశారు, ఎన్ని కొట్టేశారు? పేపర్లో కోట్లు కనబడతయ్, పేర్లు కనబడవు. గోడకి లిస్టు అంటించినా, తీసేసిన పేరు ఎదుట కారణం రాయకపోతే అది సగం లిస్టే.

విపత్తు నిర్వహణ చట్టం 2005లో 61వ సెక్షన్ ఒకటుంది. నష్టపరిహారంలో, సహాయంలో కులాన్ని బట్టి, ఆడామగా బట్టి, మతాన్ని బట్టి వివక్ష చూపకూడదని. చాలా బాగుంది. మరి ఇచ్చినోళ్లలో మాలమాదిగలెందరు, కొట్టేసినోళ్లలో ఎందరు అనే గడి లెక్కలో లేకపోతే వివక్ష జరగలేదని ఎట్లా చెప్తారు? లెక్క రాయకపోతే తప్పు దొరకదు. ఆ సంగతి ఆఫీసు బాగా ఎరుగు.

అదే ఏడు వచ్చిన సమాచార హక్కు చట్టం, 4వ సెక్షన్ కింద, సబ్సిడీ పథకాల సొమ్మునీ లబ్ధిదారుల వివరాల్నీ ఎవరూ అడగకముందే బయటపెట్టమంటది. ఇప్పుడు కొత్త సాకు దొరికింది: వ్యక్తిగత సమాచారం. 2023 నాటి డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార చట్టంలో చేసిన మార్పు 2025 నవంబరులో అమల్లోకొచ్చింది. అయినా 4వ సెక్షన్ని తియ్యలేదు. ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వొచ్చనే 8(2)నీ తియ్యలేదు. మనకి ఎవరి ఫోను నెంబరూ, బ్యాంకు ఖాతా నెంబరూ అక్కర్లేదు. పేరు, వృత్తి, ఎంత నష్టం రాశారు, ఎంత ఇచ్చారు, లేదంటే ఎందుకు ఇవ్వలేదు. (రేషన్ కార్డు రద్దయినోళ్ల పేర్లు గోడకెక్కించేటప్పుడు ఈ గుట్టు ఎవరికీ గుర్తురాదు!)

ఉపాధి హామీ మస్టర్లని 2006 నించి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ పేరుతో జనం ముందు చదివారు. కూలి లెక్క చదివినోళ్లకి వరద సాయం లెక్క చదవటానికి నోరెందుకు రాదు? చదవాలి. గుడి అరుగు మీద కాదు, వాడలో చదవాలి.

అప్పటిదాకా మనమే అడుగుదాం. తెల్లకాగితం మీద పౌర సమాచార అధికారికి రాయండి: మా వార్డులో, మా ఊళ్లో నష్టం రాసిన చిన్న వ్యాపారుల, వృత్తిదారుల జాబితా, మంజూరు, తిరస్కరణ, కారణం, కులంవారీ లెక్క. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖ దిగువనున్నోళ్లకి ఎక్కడా లేదు. ఎందుకు కావాలని వాళ్లు అడగటానికి వీల్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీలు పెట్టండి. అర్జీ నకలు మీద ముట్టినట్టు సంతకం, ముద్ర తీసుకోకుండా కదలొద్దు. కులంవారీ లెక్క మా దగ్గర లేదని జవాబొస్తే ఆ కాగితం చించెయ్యకండి, దాని జిరాక్సే ముందు మాకు పంపండి. వచ్చే సంచికల్లో వేస్తాం.